పలుగురాతి దుమ్ము, ల్యాబులో పెంచిన ఊపిరితిత్తి

షాద్‌నగర్ చుట్టుపక్కల పలుగురాళ్లను పిండి చేసే మిల్లులు చాలా కాలంగా ఉన్నాయి. తెల్లగా మెరిసే ఆ రాయిని ముక్కలు కొట్టి, మెత్తగా పొడి చేసి, ఇనుము కరిగించే కొలిమిల లోపలి గోడలకు వేయడానికి పంపిస్తారు. ఆ పొడిని ర్యామింగ్ మాస్ అంటారు. ఈ పనిలో కొన్నేళ్లు గడిపినవాళ్లలో చాలామందికి మొదట పొడి దగ్గు వస్తుంది. తర్వాత నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా మచ్చలు. టీబీ అనుకొని నెలల తరబడి మందులు మింగినవాళ్లూ ఉన్నారు. అసలు జబ్బు సిలికోసిస్. దాన్ని నయం చేసే మందు ఇప్పటికీ లేదు.

ఇది మిల్లులకే పరిమితమైన గొడవ కూడా కాదు. కంకర క్రషర్ల దగ్గర, గ్రానైటు కోసే చోట, మన పొలాల్లో బోరు బండి రాయిని తొలిచేటప్పుడు లేచే తెల్లటి దుమ్ములో ఉండేది చాలావరకు ఇదే ఖనిజం. గ్రానైటులో కనీసం అయిదో వంతు పలుగే ఉంటుంది. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు, కాలువలు కట్టారు. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్, ప్రపంచంలోని అతి పెద్ద రాతికట్టడపు డ్యాముల్లో ఒకటి. అంత రాయిని చెక్కి పేర్చిన చోట ఎంత దుమ్ము లేచి ఉంటుందో, అందులో ఎంత మనుషుల ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుందో లెక్కపెట్టినవాళ్లు లేరు.

ఒక రాతి నలుసు ఊపిరితిత్తి లోపలికి వెళ్లి ఏం చేస్తుంది? వినడానికి చిన్న ప్రశ్నే అయినా, జవాబు కనిపెట్టడం చాలా కష్టం. బతికున్న మనిషి ఛాతీలో ఒక్క నలుసు వెంట పడి చూడలేం. ఎక్స్‌రేలో కనిపించేది కథ అంతా అయిపోయాక మిగిలిన మచ్చ. ఎలుకల మీద ప్రయోగాలు చాలానే చేశారు గానీ, ఎలుక ఊపిరితిత్తుల కొమ్మల అమరిక వేరు, ముక్కు వేరు, ఆయుష్షు రెండు మూడేళ్లు. అందుకే గత పదిహేనేళ్లుగా శాస్త్రవేత్తలు మనిషి కణాలతో ల్యాబులో పెంచిన కణజాలం మీదికి, కొలత తెలిసిన సన్నటి కణికలను వదిలి చూస్తున్నారు. ఇందులో కణికలకు రెండు వేర్వేరు పనులున్నాయి. కొన్నిచోట్ల అవి ముద్దాయిలు: ఇవి కణజాలాన్ని ఏం చేస్తున్నాయో చూడటానికి వదులుతారు. ఇంకొన్నిచోట్ల అవి వేగులు: కణజాలం లోపల ఏం జరుగుతోందో చెప్పించడానికి పంపుతారు. ఈ రెండింటినీ కలిపేసి రాయడం వల్లే ఈ విషయం చదివేవాళ్లకు అయోమయంగా ఉంటుందని నా అభిప్రాయం. కాబట్టి విడివిడిగానే చూద్దాం.

ముందు ల్యాబులో పెంచిన కణజాలం సంగతి. అంటే గాజు సీసాలో కొట్టుకునే పూర్తి గుండెనో, ఊపిరి తీసే పూర్తి ఊపిరితిత్తినో ఊహించుకోవద్దు. జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా 2006లో ఎలుక కణాలను, 2007లో మనిషి చర్మ కణాలను వెనక్కి నడిపించి, ఏ అవయవ కణంగానైనా మారగల మూలకణాలుగా చేశాడు. 2012లో నోబెల్ వచ్చింది. 2009లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం ఎలుక పేగులోని ఒక్క మూలకణం నుంచి చిన్న పేగు నమూనాను పెంచింది. ఇలా తమంతట తాము గుంపుకట్టి, అవయవంలోని అమరికను కొంతవరకు తెచ్చుకునే కణాల ముద్దలను ఆర్గనాయిడ్‌లు అంటారు. సైజు మిల్లీమీటర్లలోనే. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రిలో మూలకణాల నుంచి కంటి రెటీనా ఆర్గనాయిడ్‌లు పెంచుతున్నారు. కాబట్టి ఇదంతా ఎక్కడో అమెరికాలో జరిగే వింత అనుకోనక్కర్లేదు.

దుమ్ము విషయానికి వచ్చేసరికి ఆర్గనాయిడ్‌తో ఒక చిక్కుంది. అది గుండ్రంగా మూసుకుపోయి ఉంటుంది. గాలి తగలాల్సిన ముఖం లోపలివైపు ఉండిపోతుంది. దుమ్మేమో గాలిలోంచి వచ్చి పడాలి. దీనికి వేరే దారి వెతికినవాళ్లు హార్వర్డ్‌లో డోనాల్డ్ ఇంగ్‌బర్, డాన్ హ్యూ. 2010లో వాళ్లు చిప్ మీద ఊపిరితిత్తిని తయారుచేశారు.

దాన్ని కాస్త దగ్గరగా చూడాలి. పెన్‌డ్రైవ్ అంత పారదర్శకమైన, రబ్బరులా సాగే ముక్క. లోపల రెండు సన్నటి కాలువలు ఒకదాని మీద ఒకటి. మధ్యలో 10 మైక్రాన్ల మందం ఉన్న పొర, దానికి చిల్లులు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన ఎర్ర రక్తకణం 7, 8 మైక్రాన్లు ఉంటుంది. ఆ పొర పై ముఖాన మనిషి వాయుగోణుల కణాలు, అంటే ఊపిరితిత్తుల చిట్టచివర ఉండే గాలి సంచుల గోడ కణాలు. కింది ముఖాన రక్తనాళం లోపలి గోడ కణాలు. పై కాలువలో గాలి ఉంటుంది, కింది కాలువలో రక్తానికి బదులు పోషక ద్రవం పారుతుంది. అసలు తెలివంతా పక్కల ఉంది. రెండు వైపులా ఇంకో రెండు కాలువలు పెట్టి, వాటిలోని గాలిని లాగుతూ వదులుతూ ఉంటారు. దాంతో మధ్య పొర సాగి, మళ్లీ దగ్గరికొస్తుంది. మనం ఊపిరి పీల్చి వదిలినప్పుడు వాయుగోణి గోడ సాగినట్టే సాగుతుంది.

ఈ చిప్ మీద వాళ్లు నానో సైజు సిలికా కణికలు వదిలారు. పలుగురాయిలో ఉండే పదార్థమే సిలికా. నానోమీటరు మైక్రాన్‌లో వెయ్యో వంతు. పొర కదలకుండా ఉన్నప్పుడు కణాలు కొంత ఇబ్బంది పడ్డాయి. పొరను ఊపిరి లయలో సాగదీయడం మొదలుపెట్టగానే వాపు సంకేతాలు, కణాలకు కలిగే హాని బాగా పెరిగాయి. అంతకంటే ముఖ్యంగా, కణికలు కణాల్లోకి ఎక్కువగా దూరాయి, పొర దాటి కింద రక్తం వైపు కాలువలోకి కూడా చేరాయి. అదే కణాలు, అదే కణికలు. మారింది ఊపిరి ఒక్కటే. తర్వాత మొత్తం ఎలుక ఊపిరితిత్తిలో చూసినా, ఊపిరి కదలిక ఉన్నప్పుడే కణికలు ఎక్కువగా లోపలికి ఇంకాయి.

నా లెక్కలో ఈ రంగం మొత్తంలో ఇంతకు మించిన పాఠం లేదు. గాజు పళ్లెంలో కదలకుండా పడుకున్న కణాల మీద పరీక్షించి, ఈ దుమ్ము పెద్దగా హాని చేయదు అని తేల్చిన చోట, ఆ పరీక్షలో ఊపిరే లేదన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. బరువు మోసే కూలీ నిమిషానికి పీల్చే గాలి, కుర్చీలో కూర్చున్నవాడు పీల్చేదానికంటే కొన్ని రెట్లు ఎక్కువ. కాబట్టి లోపలికి చేరే దుమ్మూ ఎక్కువే. బలంగా తీసే ఊపిరి వల్ల హాని ఎంత పెరుగుతుందో ఆ ప్రయోగం నేరుగా కొలవలేదు గానీ, ఆ కొలత మన దగ్గర తీయాల్సిన అవసరం ఎంతైనా ఉంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. చిప్ మీద వాడింది పలుగు కాదు. అది అణువులు వరసగా పేర్చి ఉండని సిలికా. పలుగులో సిలికా అణువులు స్ఫటికంగా, వరస తప్పకుండా పేర్చి ఉంటాయి. సిలికోసిస్ తెచ్చేది ముఖ్యంగా ఆ స్ఫటిక రూపమే. పైగా మిల్లులో కొత్తగా పగిలిన పలుగు, చాలాకాలం నిల్వ ఉన్న పొడికంటే ఎక్కువ హాని చేస్తుందని ఎప్పటి నుంచో తెలుసు. పగిలిన ముఖం మీద రసాయనికంగా చురుకైన చోట్లు బయటపడతాయి. 2020లో వచ్చిన ఒక పరిశోధన, రాతి ఉపరితలం మీద ఉండే సిలనాల్ అనే గుంపుల్లో ఒక ప్రత్యేక రకం కణపు పొరను దెబ్బతీస్తోందని చూపించింది. అంటే దుమ్ము ఎంత ఉంది అని అడిగితే సరిపోదు. ఎంత సన్నం, ఏ రూపం, ఎప్పుడు పగిలింది అనేవి కూడా అడగాలి.

సైజు గురించి మన కళ్లు మనల్ని బాగా మోసం చేస్తాయి. 10 మైక్రాన్లు దాటిన నలుసుల్లో ఎక్కువ భాగం ముక్కులో, గొంతులో చిక్కుకుంటుంది. దగ్గితే, చీదితే బయటికి పోతుంది. వాయుగోణుల దాకా వెళ్లేవి ఇంచుమించు 5 మైక్రాన్ల లోపువి. వాటిని కంటితో చూడలేం. పెద్ద దుమ్ము కింద పడిపోయి గాలి తేటగా కనిపించిన తర్వాత కూడా అవి గంటల తరబడి తేలుతూనే ఉంటాయి. మిషన్ ఆపిన తర్వాత మూతికి కట్టుకున్న తువ్వాల విప్పేసి, అక్కడే కూర్చొని అన్నం తినేవాళ్ల గురించి ఈ మాట చెప్తున్నాను. తువ్వాల కట్టుకున్నా ఆ సైజు నలుసులను అది పెద్దగా ఆపదు.

అలా లోపలికి చేరిన నలుసును మాక్రోఫేజ్ అనే కాపలా కణం వచ్చి మింగుతుంది. క్రిమి అయితే దాన్ని లోపలి ఆమ్లపు సంచిలో వేసి జీర్ణం చేసుకుంటుంది. రాయి జీర్ణం కాదు. స్ఫటికం ఆ సంచిని చీల్చుతుంది. 2008లో వెలువడిన పరిశోధనలు ఈ చీలిక నుంచే కణంలో ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రమాద గంట మోగుతుందని, దాంతో వాపు తెచ్చే పదార్థాలు బయటికి వస్తాయని చూపించాయి. కాపలా కణం చచ్చిపోతుంది. లోపలి నలుసు చెక్కుచెదరకుండా బయటపడుతుంది. దాన్ని ఇంకో కాపలా కణం మింగుతుంది. మళ్లీ అదే తంతు. ఈ వాపు ఆగకపోయేసరికి చుట్టూ పీచు పదార్థం పేరుకుని మచ్చ కడుతుంది. మిల్లు పని మానేసినా జబ్బు ముదురుతూనే ఉండటానికి కారణం ఇదే. కాపలా కణాలు ఇలా చస్తూ ఉంటే టీబీ క్రిమికి దారి దొరుకుతుంది, అందుకే ఈ ఇద్దరు శత్రువులూ చాలాసార్లు కలిసే వస్తారు. 2010 నాటి చిప్‌లో మాక్రోఫేజ్‌లు లేవు. వాయుగోణి కణాలు, రక్తనాళ కణాలు, రక్తం వైపు నుంచి వచ్చే తెల్ల కణాలు మాత్రమే ఉన్నాయి. సిలికోసిస్ నాటకంలో ముఖ్యపాత్ర అక్కడ లేనట్టే.

ఇక రెండో రకం కణికలు, వేగులు.

1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త, పుప్పొడి లోంచి వచ్చిన సన్నటి రేణువులు నీళ్లలో తమంతట తామే అటూ ఇటూ వణకడం సూక్ష్మదర్శినిలో గమనించాడు. నీటి అణువులు అన్ని వైపుల నుంచి గుద్దడం వల్లే ఈ వణుకు అని 1905లో ఐన్‌స్టీన్ లెక్క కట్టి చెప్పాడు. జాన్ పెరాన్ ప్రయోగాలతో రుజువు చేసి 1926లో నోబెల్ అందుకున్నాడు. ఆ లెక్కను తిరగేస్తే ఒక పనిముట్టు అవుతుంది. రేణువు ఎంత వణుకుతోందో కొలిస్తే, అది ఉన్న చోటు ఎంత చిక్కగా ఉందో తెలుస్తుంది. చెరువులో బురద ఎంతుందో చూడటానికి గెడ దించినట్టు, కణజాలంలోకి పూసలు దించుతారన్నమాట.

శ్వాసనాళపు కణాలను ఒక వైపు గాలి, ఒక వైపు ద్రవం తగిలేలా పెంచితే అవి కొన్ని వారాల్లో నిజంగానే కఫం తయారుచేస్తాయి, పైన సన్నటి నూగు మొలిచి ఆ కఫాన్ని ఒక పక్కకు తోస్తుంది. అందులో మెరిసే పూసలు వేసి వణుకు కొలిస్తే కఫం పలుచనో చిక్కనో తెలుస్తుంది. కఫంలో ఇంకో ఆశ్చర్యం కూడా ఉంది. 2007లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ బృందం మనిషి గర్భాశయ ముఖద్వారపు జిగురు మీద పని చేసి, పైన పీఈజీ అనే జారుడు పూత ఉన్న పూసలు 500 నానోమీటర్ల సైజువైనా చకచకా దాటిపోతున్నాయని, పూత లేనివి అతుక్కుపోతున్నాయని చూపించింది. అంటే సైజు ఒక్కటే చూసి లాభం లేదు, పై పూత కూడా నిర్ణయిస్తుంది. ఊపిరితిత్తుల్లోకి మందు పంపాలనుకునేవాళ్లకు ఇది వరం.

వేగు పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఆక్సిజన్ కొలత. ల్యాబులో పెంచిన కణాల ముద్దకు రక్తనాళాలు ఉండవు. ఆక్సిజన్ బయటి నుంచి 100, 200 మైక్రాన్ల లోతు దాకానే ఇంకుతుంది. ముద్ద అంతకంటే పెద్దదైతే నడుమ ఉన్న కణాలు ఊపిరాడక చస్తాయి. పైనుంచి చూస్తే మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. లోపలి సంగతి తెలియాలంటే, ఒక ప్రత్యేక రంగు నింపిన పూసలను కణాల మధ్యలోనే పెట్టి పెంచుతారు. వెలుగు కొట్టి ఆపేశాక ఆ పూస క్షణంలో అతి చిన్న భాగం సేపు మెరుస్తుంది. చుట్టూ ఆక్సిజన్ ఉంటే మెరుపు త్వరగా ఆరిపోతుంది, లేకపోతే ఎక్కువసేపు ఉంటుంది. ఎంత కాంతి వచ్చిందని కాకుండా ఎంతసేపు ఉందని కొలుస్తారు కాబట్టి, రంగు కొంచెం వెలిసినా లెక్క పెద్దగా తప్పదు.

జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో యాకోవ్ నహ్మియాస్ బృందం ఇలాంటి పూసలతో మనిషి కాలేయ కణాలను పెంచి, వాటిమీద పారాసెటమాల్ వేసి చూసింది. పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయం పాడవుతుందని అందరికీ తెలుసు. కాలేయంలో అది విరిగి ఒక విష పదార్థంగా మారడమే కారణమని పుస్తకాల్లో ఉంది. ఈ పూసలు చెప్పింది ఏమిటంటే, ఆ మార్గంతో సంబంధం లేకుండానే మందు నేరుగా కణాల శ్వాసను దెబ్బతీస్తోంది, అదీ చాలా త్వరగా. ఎన్నో ఏళ్లుగా వాడుతున్న మందులో ఇంతకాలం కనిపించని సంగతి బయటపడింది. ఇది చదివి జ్వరానికి వేసుకునే మామూలు మోతాదు గురించి టెన్షన్ పడాల్సింది లేదు. ల్యాబులో వాడిన మోతాదులను మనం మింగే గోలీతో సూటిగా పోల్చకూడదు.

కణాలు ఒకదాన్నొకటి ఎంత బలంగా నెట్టుకుంటున్నాయో కొలవడానికి నూనె చుక్కలు వాడే పద్ధతి కూడా ఉంది. చుక్క ఎంత నొక్కుకుపోయిందో చూసి బలం లెక్కగడతారు. పెరిగే పిండంలో ఇది బాగా పనికొచ్చింది. మచ్చకట్టి గట్టిపడే ఊపిరితిత్తి నమూనాల్లో కూడా పనికొస్తుందని నేననుకుంటున్నాను.

అయితే వేగు చెప్పే ప్రతి మాటా నమ్మకూడదు. పూస రక్తంలాంటి ద్రవంలో పడగానే ప్రొటీన్లు వచ్చి దాన్ని చుట్టేస్తాయి. కణం తాకేది మనం తయారుచేసిన ఉపరితలాన్ని కాదు, ఆ ప్రొటీన్ తొడుగును. పూసలోని రంగు కారి కణంలోకి పోతే, పూసే లోపలికి పోయిందని పొరబడతాం. పళ్లెంలో బరువైన నలుసులు వెంటనే కిందికి దిగి కణాల మీద పడతాయి, తేలికవి పైనే ఉండిపోతాయి. కాబట్టి మనం వేసిన మోతాదు ఒకటి, కణాలకు అందిన మోతాదు ఇంకొకటి. కొన్ని నలుసులకు బాక్టీరియా విషం అంటుకుని ఉంటే వాపు దానివల్ల వచ్చిందో రాయివల్ల వచ్చిందో తేల్చలేం. అందుకే ఒక మంచి ప్రయోగంలో రంగు ఒక్కటే వేసిన పళ్లెం, హాని చేయని పూసలు వేసిన పళ్లెం, ఏమీ వేయని పళ్లెం పక్కపక్కనే ఉంటాయి. వార్తల్లో ఏదైనా నానో పరిశోధన గురించి చదివితే ముందు ఈ పక్క పళ్లేల సంగతి వెతకండి.

నల్గొండవాళ్లు ఇక్కడ తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: మరి ఫ్లోరోసిస్? ఫ్లోరైడ్ నలుసు కాదు, నీటిలో పూర్తిగా కరిగిపోయిన అయాన్. ఎముక ఖనిజంలోని ఒక భాగాన్ని తొలగించి తాను ఆ చోట కూర్చుంటుంది. దాన్ని పూసలతో వెంటాడటం కుదరదు. ల్యాబులో పెంచిన ఎముక ఎంత గట్టిపడిందో కొలవడం వరకు కణికలు సాయపడొచ్చు. అక్కడ మన జిల్లా పేరుతోనే ప్రపంచానికి తెలిసిన పరిష్కారం వేరే దారిలో వచ్చింది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే, నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ పద్ధతిని నల్గొండ టెక్నిక్ అనే పిలుస్తారు.

ల్యాబు కణజాలానికి ఉన్న పెద్ద లోటు కాలం. అది బతికేది వారాలు, మహా అయితే నెలలు. మామూలు సిలికోసిస్ పదేళ్లు, ఇరవై ఏళ్లు తీసుకుంటుంది. దుమ్ము విపరీతంగా ఉన్న మిల్లుల్లో కొన్నేళ్లలోనే వస్తుంది. మచ్చ కట్టడంలో మొదటి మెట్లను చిప్ చూపించగలదు, చివరి మెట్టును చూపించలేదు. అయినా మందు వెతికేవాళ్లకు ఆ మొదటి మెట్లే కావాలి. ఇతర కారణాలతో ఊపిరితిత్తులు మచ్చకట్టే జబ్బుకు వాడే నింటెడానిబ్, పిర్ఫెనిడోన్ లాంటి మందులు ఆ జబ్బును నెమ్మదింపజేస్తాయి గానీ వెనక్కి తిప్పవు. కొత్త మందును పరీక్షించడానికి జంతువులకు బదులు ఆర్గనాయిడ్‌లు, చిప్‌ల మీద వచ్చిన ఫలితాలను కూడా తీసుకోవచ్చని మన కేంద్ర ప్రభుత్వం 2023 మార్చిలో నిబంధనలు సవరించింది. అమెరికా అంతకు కొద్ది నెలల ముందు, 2022 డిసెంబర్‌లో ఇలాంటి చట్టమే చేసింది. అంటే దారి తెరిచే ఉంది.

నేను కోరేది ఇది. షాద్‌నగర్ నుంచి, కణాల మీద పరిశోధించే సీసీఎంబీ సంస్థ ఉన్న హైదరాబాద్‌లోని హబ్సిగూడకు రోడ్డు మీద రెండు గంటలు కూడా పట్టదు. మిల్లులో నిజంగా లేచే దుమ్మును, బోరు బండి దగ్గరి దుమ్మును, క్రషర్ దుమ్మును విడివిడిగా పట్టి, సైజు వారీగా వేరు చేసి, మాక్రోఫేజ్‌లు ఉన్న, ఊపిరి తీసే చిప్‌ల మీద వేసి చూడాలి. కంపెనీ నుంచి డబ్బాలో వచ్చే శుభ్రమైన సిలికాతో చేసిన ప్రయోగం మన కూలీ పీల్చే గాలి గురించి సగమే చెప్తుంది. పగిలిన వెంటనే పట్టిన దుమ్ము, వారం నిల్వ ఉన్న దుమ్ము పక్కపక్కన పెట్టి చూస్తే, మిల్లులో ఏ పని దగ్గర మనిషిని ముందు తప్పించాలో కూడా తెలుస్తుంది.

కొన్ని పనులకు మాత్రం ఏ ప్రయోగం కోసమూ ఆగనక్కర్లేదు. రాయిని తడిపి కోస్తే, మిషన్‌కు మూత బిగించి దుమ్మును లాగేస్తే గాలిలోకి లేచేది బాగా తగ్గుతుంది. 2025 నవంబర్ వరకు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సిలికోసిస్ ఉండేది. ఫ్యాక్టరీలో పనిచేసిన రోగిలో దాన్ని గుర్తించిన డాక్టరు చీఫ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలని ఆ చట్టం చెప్పింది. దగ్గు, ఆయాసంతో వచ్చిన మనిషి ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తే, టీబీ పరీక్షతో పాటు ఏం పని చేశావు, ఎక్కడ, ఎన్నేళ్లు అని అడిగి ఆ జవాబును కేస్ షీటులో రాయాలి. రేపు ఆ కుటుంబం పరిహారం అడిగినప్పుడు చేతిలో ఉండాల్సిన కాగితం అదే.